హుస్సేన్‌బీ పదకొండు లైన్లు

వెలుగు 1

సూర్యుడొచ్చాడు. ఇక పద్నాలుగు రోజులదాకా పోడు, పోయాక పద్నాలుగు రోజులదాకా రాడు. చంద్రుడి మీద కాపురమంటే ఇంతే. నీడపేటలో మేము ఈ రెంటినీ వెలుగు, చీకటి అని పిలుచుకుని రోజులకు అంకెలు వేసుకుంటాం. పొద్దున లేచి గుమ్మం దగ్గర పేరుకున్న ధూళి ఊడ్చి, గాలి జల్లెడ విప్పి దులిపి, టీ పెట్టుకుని బల్ల ముందు కూర్చున్నాను. ఈ లాగ్ రాయడం మానేసి ఏడాదైంది. మళ్ళీ ఎందుకు మొదలుపెట్టానంటే, నాకు డబ్బు రాబోతోంది. ఇలాంటి సంగతి నా జీవితంలో అరుదు కాబట్టి రాసి పెట్టుకోవాలి.

నా పేరు వకుళ. ఇళ్ళలో గాలిని చూసుకునే 'ఊపిరి' అనే ప్రోగ్రామ్ బాగోగులు చూసే మనిషిని. పదిహేనేళ్ళ కిందట మొదటి లైన్లు రాసింది నేనే. ఇప్పుడు తొమ్మిది ఊళ్ళు దాన్ని నమ్ముకుని బతుకుతున్నాయి. దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి చూడవచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికీ పంచవచ్చు. డబ్బులకు అమ్ముకున్నా నేను అడ్డుపడను. ఒక్క ముడి మాత్రం వేశాను. మార్చి నడిపించేవాళ్ళు, ఆ గాలి పీల్చే మనిషి ఎవరడిగినా, మార్చిన సోర్స్ కోడ్‌ను, అంటే లోపలి లైన్లన్నిటినీ, ఇవే హక్కులతో చేతిలో పెట్టాలి. నేను మూత తీసి ఇచ్చిన డబ్బాకు మధ్యలో ఎవరూ మూత బిగించకూడదు. లైసెన్స్ పద్దెనిమిది పేజీలుంటుంది గానీ సారం ఇదే.

మరి నీ తిండి ఎట్లా అని భూమి నుంచి దిగిన ప్రతి కొత్త మనిషీ అడుగుతాడు. ప్రోగ్రామ్ ఊరికే వస్తుంది, నేను ఊరికే రాను. కొత్త ఇంట్లో దాన్ని పెట్టి సరిచూస్తే కూలి. బడిలో పాఠం చెబితే జీతం. మా కోళ్ళ గదికి వేరే లెక్క కావాలని ఎవరైనా అడిగితే ఆ పనికి ఇంత అని. చాలాకాలం బాగానే నడిచింది. చిక్కేమిటంటే నేను పాఠాలు మరీ బాగా చెప్పాను. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళే ఇప్పుడు ఊరూరా ఆ పనులు చేసుకుంటున్నారు. నన్ను పనికి పిలిచేవాళ్ళు తగ్గి, ఫోన్ చేసి సలహా అడిగేవాళ్ళు పెరిగారు. సలహాకు డబ్బులేమిటని వాళ్ళూ అనుకుంటారు, నేనూ అనుకుంటాను. ఇట్లాగే ఉంటే వచ్చే చీకటి నాటికి ఊపిరిని గాలికొదిలేసి ఖనిజం బండి తోలే ఉద్యోగంలో చేరాలి. దరఖాస్తు నింపి కూడా పెట్టాను.

అప్పుడొచ్చారు నిన్న చక్రధర్ గారు. వెండికొండ గనుల కంపెనీలో అధికారి. మనిషి నెమ్మది, గుమ్మం బయటే కాళ్ళ ధూళి పూర్తిగా దులుపుకుని వచ్చిన మొదటి అతిథి ఆయనే.

"గనిలో మూడొందల మందికి కొత్త హాలు కడుతున్నామండి. రేపు మొదలయ్యే వెలుగు అయిపోగానే మనుషుల్ని దించుతాం. మీ ప్రోగ్రామే పెట్టాలని ఉంది. కాకపోతే మేం చేసుకునే మార్పులు బయటకు ఇవ్వం. జనం దగ్గరున్న కాపీ జనం దగ్గరే ఉండనివ్వండి. మాకు మాత్రం మూత బిగించుకునే హక్కుతో విడిగా ఇంకో లైసెన్స్ ఇవ్వండి."

ఆయన చెప్పిన మొత్తం నా అయిదేళ్ళ తిండి. ఇందులో మోసం లేదు, ఒకే ప్రోగ్రామ్‌ను రెండు లైసెన్సుల కింద ఇవ్వడం భూమ్మీద ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. అయితే రాసినవాళ్ళందరూ సంతకం పెట్టాలి. ఎవరు రాసిన లైన్లు వాళ్ళవే, నాకు ఎవరూ హక్కు రాసివ్వలేదు. ఊపిరి రచయితల ఫైలులో పంతొమ్మిది పేర్లున్నాయి, నాతో కలిపి. పద్దెనిమిది సంతకాలకు పద్నాలుగు రోజులు. నల్లేరు మీద బండి నడక అనుకున్నాను.

వెలుగు 3

తొమ్మిది సంతకాలు అయ్యాయి. అందరికీ వాటా ఉంటుందని చెప్పాను.

పోలినాయుడు కొట్టుకు వెళ్ళాను. ఊపిరి ఎక్కించిన చిన్న కంప్యూటర్ డబ్బాలు అమ్ముతాడు. ఊరికే దొరికేదాన్ని జనం ఇతని దగ్గర ఎందుకు కొంటారో నాకు మొదట్లో అర్థమయ్యేది కాదు, కొంచెం కడుపుమంటగా కూడా ఉండేది. ఒకసారి అడిగేశాను.

"పోగ్రాముకి నానేటీ తీసుకోను తల్లీ. ఎక్కించి, పరీచ్చ చేసి, ఏడాదిలోపు ఆగిపోతే పరిగెట్టుకొత్తానని మాటిత్తాను. ఆ మాటకి తీసుకుంతాను," అన్నాడు.

రచయితల ఫైలులో అతని పేరూ ఉంది. సంతకం అడిగితే ఇవాళ మాత్రం ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. "సంతకమేటి, ఏలిముద్ర కూడా ఏసేత్తాను, ఇటియ్యి."

వెలుగు 5

పదిహేడు అయ్యాయి. ఒక్కటే మిగిలింది, షేక్ హుస్సేన్‌బీ. ఈమె దగ్గర తేలిగ్గా అయిపోతుందని చివరికి ఉంచుకున్నాను. నా తెలివి అలా ఉంటుంది.

హుస్సేన్‌బీ ఊరి కూరగాయల గది చూసుకుంటుంది. నాకు వరసకు ఏమీ కాదు గానీ అత్తా అని పిలుస్తాను. యాభై ఏళ్ళు దాటాక నా క్లాసులో ముందు బెంచీలో కూర్చుని కోడ్ రాయడం నేర్చుకుంది. కారణం ఆమె కూతురు గౌసియా పెళ్ళి. ఆ రోజు ఇంట్లో డెబ్భై మంది చేరారు. బిర్యానీ వడ్డిస్తుండగా గాలి చాలడం లేదని అలారం మోగింది. అందరూ పళ్ళేలు వదిలేసి ఆక్సిజన్ ముసుగులు తగిలించుకున్నారు. ముసుగులతో బిర్యానీ ఎవరు తింటారు. ఆ అవమానం ఆమె మర్చిపోలేదు. ఆరు నెలలు నేర్చుకుని పదకొండు లైన్లు రాసి తెచ్చింది. ఇంట్లో పొయ్యి గంటకు మించి వెలిగితే చుట్టాలు వస్తున్నట్టు, కాబట్టి వాళ్ళు రాకముందే గాలి పెంచు. అంతే. పెద్ద పెద్ద యంత్రాలతో మనుషుల్ని లెక్కపెట్టాలని నేను రెండేళ్ళు కుస్తీ పట్టిన పని అది. మేమంతా దాన్ని చుట్టాల లెక్క అంటాం.

రేపు వెళ్ళాలి.

వెలుగు 6

అయిపోలేదు.

వెళ్ళేసరికి పాలకూర తట్టలు తడుపుతోంది. ఇక్కడ నీళ్ళు పోస్తే బద్ధకంగా, బొట్లు బొట్లుగా దిగుతాయి, తట్టలన్నీ తడిసేసరికి గంట పడుతుంది. గంటసేపూ నేను చెప్పిందంతా విన్నది. చివర్లో నీళ్ళ డబ్బా కింద పెట్టింది.

"నేను పెట్టను అమ్మాయ్."

"ఎందుకత్తా? నీ వాటా నీకొస్తుంది."

"వాటా సంగతి కాదు. నేను రాసింది అందరికీ ఇచ్చా. గనోళ్ళు కూడా అందర్లోనే ఉన్నారు గదా, వాడుకోమను. మూతెయ్యటానికి మాత్రం ఇయ్యను. నా గౌసియా ఆ గని క్యాంటీన్లోనే వంట చేస్తంది. రేపు ఆ డబ్బా తిక్కతిక్కగా గాలి వదిల్తే లోపలేం జరగతందో నా బిడ్డ ఇప్పి చూసుకోవాలా వద్దా?"

నేను సర్దిచెప్పాను, బతిమాలాను, బండి తోలే ఉద్యోగం గురించి కూడా చెప్పాను. ఆమె కళ్ళల్లో జాలి కనిపించింది గానీ చెయ్యి సంతకానికి లేవలేదు. అప్పుడు నా నోరు జారింది.

"పదకొండు వేల లైన్ల ప్రోగ్రామ్‌లో నీవి పదకొండు. వాటిని పట్టుకుని అందరి మీదా పెత్తనం చేస్తావా?"

"పదకొండైనా నాయే గదా," అని మళ్ళీ తట్టలు తడపడంలో పడింది.

ఇంటికొచ్చి గుమ్మం ధూళి రెండుసార్లు ఊడ్చాను. ఒక్కసారి ఊడిస్తే చాలు. అనకూడని మాట అన్నాను.

వెలుగు 8

పదకొండు లైన్లు తీసేసి ఇస్తాను, తీసుకుంటారా అని చక్రధర్ గారికి ఫోన్ చేశాను. "చుట్టాల లెక్క లేకపోతే మాకెందుకండీ, షిఫ్ట్ మారే ప్రతిసారీ మూడొందల మంది ఒకేసారి భోజనానికి వస్తారు," అన్నారు. వాళ్ళ వకీలు పక్కనుంచి ఒక ఉపాయం చెప్పాడు. ఆ లైన్లను ఎన్నడూ చూడని మనిషికి, ఏం కావాలో మాత్రం చెప్పి, కొత్తగా రాయించండి. అది కొత్త మనిషి సొత్తు అవుతుంది, హుస్సేన్‌బీతో పని ఉండదు. చూసినవాళ్ళు రాస్తే మాత్రం కాపీ కిందికే వస్తుందని హెచ్చరించాడు.

బాగుందనిపించింది. పేట నోటీసు బోర్డులో వేయించాను. చుట్టాల లెక్క చూడనివాళ్ళు కావాలి, కూలి ఇస్తాను.

సాయంత్రందాకా ఒక్కరూ రాలేదు. వచ్చినవాళ్ళంతా నవ్వడానికే వచ్చారు. అప్పుడు గుర్తొచ్చింది. ఆ పదకొండు లైన్లు చిన్నగా, ముచ్చటగా ఉన్నాయని నేనే బడిలో మొదటి పాఠంగా పెట్టాను. తొమ్మిది ఊళ్ళ బడుల్లో పన్నెండేళ్ళుగా ప్రతివాళ్ళూ ఎక్కాలతో పాటు వాటిని బట్టీపట్టారు. ఆ పాఠానికి జీతం తీసుకున్నదీ నేనే. కుడితిలో పడ్డ ఎలుక పరిస్థితి, కుడితి కలుపుకున్నది కూడా ఎలుకే.

వెలుగు 9

భూమ్మీద మనిషిని వెతికి రాయించే వ్యవధి లేదు. ఇక్కడే ఒక ఆశ. పళ్ళ డాక్టర్ సదాశివం గారు పోయిన వారమే భూమి నుంచి దిగారు. కాలేజీ రోజుల్లో కొంచెం ప్రోగ్రామింగ్ చేశారట. పరిగెత్తాను.

"చుట్టాల లెక్క అంటే ఏమిటో మీకు తెలియదు కదండీ?"

"ఎందుకు తెలియదమ్మా. ఓడలో గాలి పరీక్ష పాసైతే గానీ దిగనివ్వమన్నారు. మూడు రోజులూ అదే చదివాను," అని కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, పదకొండు లైన్లూ పొల్లుపోకుండా అప్పజెప్పారు. ఆ ఓడకు పాఠం రాసి ఇచ్చింది నేనేనని ఆయనకు చెప్పలేదు. నోరు తెరిచాను కదా అని ఒక పన్ను పుచ్చిందని చెప్పి ఫీజు కూడా తీసుకున్నారు.

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. బండి దరఖాస్తు తీసి తారీఖు వేశాను.

వెలుగు 11

హుస్సేన్‌బీ వచ్చింది. చేతిలో గిన్నె, గిన్నెలో పాలకూర పప్పు. నేను అన్న మాటకు క్షమించమని అడుగుదామని నోరు తెరిచేలోపే గిన్నె చేతిలో పెట్టింది.

"తిను ముందు. బోర్డు మీద రాయించావంట గదా. ఊరంతా నవ్వతన్నారు."

"నవ్వనీ అత్తా. ఇంకో మూడు రోజులు నవ్వుకుంటారు, తర్వాత నేను బండెక్కుతా."

"ఒక మాట అడుగుతా. వాళ్ళు ఎంతిస్తారని అడిగావు, ఎప్పుడిస్తారని అడిగావు. మూతెందుకయ్యా, దేనికి భయం అని ఒక్కసారన్నా అడిగావా?"

అడగలేదు. దొంగతనం చేయబోయే మనిషి ముఖం ఆయనది కాదు, అయినా అడగలేదు. అయిదేళ్ళ తిండి అనగానే నా చెవులు మూసుకుపోయాయి.

పప్పులో ఉప్పు తక్కువైంది. ఆమెతో చెప్పలేదు. అప్పటికే ఒకసారి నోరు జారి ఉన్నాను.

వెలుగు 12

వెండికొండకు బండిలో మూడు గంటలు. ఆఫీసులో ఎదురుగా కూర్చుని, మూత ఎందుకని సూటిగా అడిగాను. చక్రధర్ గారు కుర్చీ దగ్గరకు జరుపుకున్నారు.

"నిజం చెప్పనాండీ? దాచుకోవాల్సినంత విద్య మా దగ్గర ఏమీ లేదు. మా భయం వేరు. ఉచితంగా వచ్చింది పాడైతే ఎవర్ని అడగాలి? మూడొందల ప్రాణాలు నా మెడకు చుట్టుకుంటాయి. కొనుక్కుని, మూత వేసి, మా మనుషుల్ని పెట్టుకుంటే కనీసం జవాబు చెప్పేవాళ్ళుంటారని బోర్డులో అనుకున్నారు."

"జవాబు చెప్పడమా? పోయిన నెల మీ పాత క్యాంటీన్ పైపులో మంచు కడితే ఫోన్లో గంటన్నర జవాబు చెప్పింది ఎవరనుకున్నారు?"

ఆయన ఆశ్చర్యపోయారు. "అది మీరా? మా వాళ్ళే సరిచేశారనుకున్నాం. మీరు బిల్లు పంపలేదే."

పంపలేదు. ఫోన్ సలహాకు పదిహేనేళ్ళుగా ఎవరికీ పంపలేదు. అడగందే అమ్మైనా పెట్టదని చిన్నప్పటినుంచీ వింటున్నాను, ఈ గనుల కంపెనీ నాకు అమ్మ కూడా కాదు. నేను అమ్ముకోవాల్సిన సరుకు ఏదో పోలినాయుడికి తెలుసు, అతని కొట్టుకు వచ్చేవాళ్ళకు తెలుసు, నాకే తెలియదు. సిగ్గేసింది, దాని వెనకే హుషారు కూడా వచ్చింది.

అక్కడే కాగితం తీసుకుని రాశాను. లైసెన్స్ పాతదే, మూత ఉండదు. హాల్లో పనిచేసేవాళ్ళు ఎవరడిగినా కోడ్ చూపించాలి. ఏడాదికి ఇంత ఇస్తే, గని నుంచి ఫోన్ వచ్చిన గంటలోపు నేను జవాబు చెబుతాను. అవసరమైతే ఒక పూటలో వస్తాను. కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ ముందు మీ హాల్లో పరీక్షించి పెడతాను. కింద అంకె వేశాను. ఆయన చూసి, "ఇది తక్కువండీ, ఇంత తక్కువైతే బోర్డు నమ్మదు," అన్నారు. నా చేతిలోని పెన్ను తీసుకుని అంకె ఆయనే పెంచారు.

వకీలు ఊరుకోలేదు. "మన మార్పులు పక్క గనికి పోతాయి సార్."

"పక్క గని మార్పులు మీకొస్తాయి," అన్నాను. "మీ పైపుల్లో మంచు కడుతుంది, వాళ్ళ పైపుల్లో కట్టదు. ఎందుకో వాళ్ళ కోడ్‌లో ఉంది. మీ వంతుగా ధూళి జల్లెడ లెక్క మీరు ఇవ్వండి, వాళ్ళకు అది లేదు."

వకీలు తల గోక్కున్నాడు. చక్రధర్ గారు నవ్వారు.

వెలుగు 14

సంతకాలయ్యాయి, ఈసారి రెండే. అయిదేళ్ళ తిండి ఒక్కసారిగా రాదు. ఏటేటా వస్తుంది, పని చేసినంత కాలం వస్తుంది. మిగతా ఊళ్ళకూ ఇదే కాగితం పంపాను. మూడు ఊళ్ళు అప్పుడే ఒప్పుకున్నాయి. ఒక ఊరివాళ్ళు ఇన్నాళ్ళూ ఎందుకు అడగలేదని తిట్టారు కూడా. బండి దరఖాస్తును చించేశాను.

వాటా ఆశ పెట్టిన పదిహేడు మందికీ ఫోన్ చేసి లేదని చెప్పడం కష్టమే అయింది. ఒకరిద్దరు ముఖం ముడుచుకున్నారు. పోలినాయుడు మాత్రం, "గనికి డబ్బాలెన్ని కావాలేటి?" అన్నాడు. అరవై అన్నాను. "అయితే వాటా నువ్వే ఉంచుకో తల్లీ," అని ఫోన్ పెట్టేశాడు.

సూర్యుడు అంచు దిగుతున్నాడు. రేపు మూడొందల మంది కొత్త హాల్లోకి దిగుతారు.

చీకటి 2

మధ్యాహ్నం భోజనాల వేళ గని నుంచి మొదటి ఫోన్. కాంట్రాక్ట్ తర్వాత మొదటిది కాబట్టి గబగబా ఎత్తాను. అవతల గౌసియా.

"అక్కా, మీ డబ్బా పొద్దున్నించీ ఒకటే గాలి కొడతంది. రొట్టెల పిండంతా ఎగిరిపోతంది. ఇప్పి చూశా. తప్పు మా అమ్మ రాసినదాంట్లో ఉందక్కా."

ఇంకా రెండో రోజే. "ఏం తప్పు?"

"ఇంట్లో అయితే చుట్టాలొస్తేనే పొయ్యి గంట దాటి వెలుగుద్ది. ఇక్కడ మూడొందల మందికి వంట, కూర పొయ్యి తెల్లారింది మొదలు ఆరదు. దానికి రోజంతా చుట్టాలే. రొట్టెల పెనం మాత్రం జనం వచ్చే ముందే ఎక్కిస్తాం, వేడిగా ఉండాలి గదా. అందుకని పెద్ద వంటగదిలో పొయ్యిని వదిలేసి పెనాన్ని చూడమని నాలుగు లైన్లు కలిపా. పంపిస్తన్నా, సరిగ్గా ఉందో లేదో చూడండి."

చూశాను. నాలుగు లైన్లు. పరీక్ష పెట్టాను, అన్నీ పాసయ్యాయి. గంటలోపు జవాబు చెబుతానని మాటిచ్చిన నేను, పదిహేను నిమిషాల్లో "బాగుంది, పెట్టేసుకో" అన్నాను. నా పని అంతే.

ఆ నాలుగు లైన్లూ పట్టుకుని కూరగాయల గదికి వెళ్ళాను. హుస్సేన్‌బీ చేతులు కొంగుకు తుడుచుకుని స్క్రీన్ దగ్గరగా పెట్టుకుని చదివింది. ఒకసారి చదివి మళ్ళీ మొదటికొచ్చింది.

"నా దాంట్లో తప్పు పట్టిందా?"

"పట్టింది అత్తా."

"పెనం సంగతి నాకు తట్టలా." కళ్ళు తుడుచుకుంది, నవ్వుతూనే. "చూశావా దాన్ని. పెళ్ళప్పుడు ముసుగులో ఏడ్చింది నా బిడ్డ. ఇప్పుడు అమ్మ లెక్కే దిద్దుతంది."

నాకూ కళ్ళు తడిశాయి. రచయితల ఫైలు తెరిచి, కింద ఇరవయ్యో పేరు రాయబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"నా పేరు పైన రాయి దాని పేరు."

"కుదరదు అత్తా. ఎవరు ముందు రాస్తే వాళ్ళు ముందు. ఆ వరస మార్చకూడదు."

"ఎందుకు మార్చకూడదు? ఎవరైనా మార్చుకోవచ్చని నువ్వే గదా కాగితం రాసింది."

పదిహేనేళ్ళలో ఆ లైసెన్స్‌ను నాకే అప్పజెప్పిన మనిషి ఈమె ఒక్కతే. షేక్ గౌసియా పేరు రాసి, దాని కింద షేక్ హుస్సేన్‌బీ అని రాశాను.